ఒక అధోజ్ఞాపిక, నాలుగు పార్శ్వములు

1973వ సంవత్సరము డిసెంబరు మాసమున ఇంగ్లండునందు ‘యెస్’ అను వాద్యబృందము రెండు రికార్డులు గల యొక ఆల్బమును వెలువరించెను. దాని పేరు ‘టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్’. నాలుగు పార్శ్వములకు నాలుగే కృతులు; ఒక్కొక్కటి ఇంచుమించు ఇరువది నిమిషముల నిడివి గలది; వెరసి ఎనుబది నిమిషములకు పైబడిన సంగీతము. శ్రుతి, స్మృతి, పురాణము, తంత్రము అను మన చతుర్విధ శాస్త్రవిభాగమే ఆ నాలుగు పార్శ్వములుగా పరిణమించినదను సంగతి రాక్ సంగీతము నెఱిగినవారిలో చాలమందికి తెలియును. శాస్త్రముల నెఱిగిన మనవారిలో మాత్రము మిక్కిలి కొలదిమందికి తెలియును. ఒక భావము పుట్టినచోటు విడిచి, పరభాషలోనికి, పరదేశమునకు, పరసంగీతమునకు ప్రయాణము చేయునపుడు ఏది మిగులును, ఏది రాలిపోవును, ఏది క్రొత్తగా మొలకెత్తును అను ప్రశ్నకు ఈ ఆల్బము చరిత్రకంటె స్పష్టమైన నిదర్శనము అరుదు. కావుననే దానిని తీరికగా పరిశీలింపదగునని నా నమ్మకము.

ముందుగా ఆ కాలపు రికార్డును గూర్చి కొంత చెప్పవలసియున్నది. నిమిషమునకు 78 మారులు తిరిగెడి పాతరికార్డు ఒక వైపున మూడు నాలుగు నిమిషములకు మించి పాడజాలకుండెను. మన నాటకపద్యములను ఆ రికార్డులమీద విని పెరిగిన పెద్దలకు, రాగము విచ్చుకొనబోవు సమయముననే ముల్లు చివరకు వచ్చి పాట తెగిపోవుట అనుభవమే. 1948లో అమెరికాయందు కొలంబియా సంస్థవారు నిమిషమునకు 33⅓ మారులు తిరిగెడి ఎల్.పి. రికార్డును ప్రవేశపెట్టిన పిదప, ఒక్కొక్క వైపున ఇరువది నిమిషములకు పైగా సంగీతమును నిలుపుట సాధ్యమయ్యెను. అంతకంటె చాల హెచ్చుగా నింపదలచినచో గాడులు ఇరుకై ధ్వనిబలము తగ్గును. ఈ సౌకర్యమును మొదట ఐరోపా శాస్త్రీయ సంగీతమువారు సద్వినియోగము చేసికొనిరి. రాక్ గాయకులు చాలకాలము దానిని చిన్నపాటలు పదిపండ్రెండు చేర్చు సంపుటముగనే చూచిరి. 1960ల ఉత్తరార్ధమున ఈ దృష్టి మారెను. ఆల్బమంతయు ఒకే భావము నాశ్రయించి నడచుట, దీర్ఘకృతులను అంకములుగా విభజించుట, శాస్త్రీయ సంగీతపు నిర్మాణపద్ధతులను విద్యుద్వాద్యముల కన్వయించుట మొదలైన లక్షణములతో ‘ప్రోగ్రెసివ్ రాక్’ అను మార్గము ఏర్పడెను.

యెస్ బృందము 1968లో లండను నగరమున ఏర్పడినది. లాంకషైర్ ప్రాంతపు ఏక్రింగ్టన్ పట్టణమున పుట్టిన గాయకుడు జాన్ ఆండర్సన్, బాస్ గిటారు వాయించు క్రిస్ స్క్వైర్ దానికి మూలపురుషులు. తరువాత గిటారు విద్వాంసుడు స్టీవ్ హౌ, లండను రాయల్ కాలేజి ఆఫ్ మ్యూజిక్‌లో కొంతకాలము చదివిన కీబోర్డు విద్వాంసుడు రిక్ వేక్‌మన్ వచ్చి చేరిరి. 1972లో వీరు వెలువరించిన ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ ఆల్బమునందు శీర్షికాకృతి ఒక పార్శ్వమునంతటిని ఆక్రమించెను. దానికి హెర్మన్ హెస్ వ్రాసిన ‘సిద్ధార్థ’ నవల ప్రేరణ. ఆ ఆల్బము రికార్డింగు ముగిసిన పిదప, అది వెలువడకమునుపే డ్రమ్ములు వాయించు బిల్ బ్రూఫర్డ్ బృందమును విడిచి ‘కింగ్ క్రిమ్సన్’ అను మఱియొక బృందమున చేరగా, ఆయన స్థానమున ఆలన్ వైట్ వచ్చెను. ఒక పార్శ్వము నిండిన కృతి జనాదరము పొందినది గనుక, అంతకంటె విశాలమైన నిర్మాణమునకు తగిన ఆధారము నొకదానిని ఆండర్సన్ మనస్సు వెదకుచుండెను.

ఆ ఆధారము దొరికిన గ్రంథము తెలుగువారికి ‘ఒక యోగి ఆత్మకథ’ పేర సుపరిచితమే. గ్రంథకర్త పరమహంస యోగానంద 1893లో గోరఖ్‌పురమున ముకుందలాల్ ఘోష్‌గా జన్మించి, శ్రీయుక్తేశ్వర గిరి శిష్యుడై సన్యసించి, 1920లో బోస్టను నగరపు మతమహాసభకు ప్రతినిధిగా అమెరికా వెళ్ళెను. జీవితమున అధికభాగము అచ్చటనే గడపి, లాస్ ఏంజెలిస్ కేంద్రముగా క్రియాయోగమును బోధించి, 1946లో తన యాత్మకథను ఆంగ్లమున ప్రకటించెను. పాశ్చాత్యపాఠకులకొఱకు వ్రాయబడిన గ్రంథమగుటచే, మనకు వివరణ అక్కఱలేని మాటలకు సైతము అందు పుటల అడుగున అధోజ్ఞాపికలు కూర్చబడినవి. భారతీయ సంప్రదాయమును బొత్తిగా ఎఱుగని చదువరి చేయి పట్టుకొని నడపించుటయే వాని ప్రయోజనము. 1967లో బీటిల్స్ బృందమువారు తమ ‘సార్జంట్ పెప్పర్’ ఆల్బము అట్టమీద యోగానందుని, ఆయన గురుపరంపరను చిత్రించిరనిన, రాక్ సంగీతలోకమున ఆ గ్రంథము ఎంత వ్యాపించినదో ఊహింపవచ్చును.

1973 మార్చి ఆరంభమున బ్రూఫర్డ్ వివాహవిందు జరిగినది. అచ్చట ఆండర్సనుకు కింగ్ క్రిమ్సన్ బృందమున తాళవాద్యములు వాయించుచుండిన జేమీ మ్యూర్‌తో పరిచయము కలిగెను. మ్యూర్ చిత్రమైన వ్యక్తి. ఆ దినములలోనే సంగీతవృత్తిని వదలి స్కాట్లండునందలి బౌద్ధవిహారమునకు పోయినవాడు. ఆయన ఆండర్సనుకు యోగానందుని గ్రంథమును పరిచయము చేసెను. ఆ మాసముననే యెస్ బృందము జపాను పర్యటనకు పోగా, టోకియో నగరమున హోటలుగదిలో ఆ పుస్తకమును తిరుగవేయుచున్న ఆండర్సన్ దృష్టి 83వ పుట అడుగుననున్న దీర్ఘమైన అధోజ్ఞాపికపై నిలిచినది. ఈ వృత్తాంతమును ఆయనయే ఆల్బము అట్టమీది పీఠికలో చెప్పుకొనెను.

ఆ అధోజ్ఞాపికలో నున్నదేమి? శాస్త్రములు నాలుగు విధములనియు, అవి మతము, సమాజము, ధర్మము, వైద్యము, శిల్పము మొదలైన సమస్తవిషయములను వ్యాపించినవనియు చెప్పి, శ్రుతి యనగా సాక్షాత్తుగా వినబడినది, వెల్లడింపబడినది యనియు, స్మృతి యనగా జ్ఞాపకమునుండి గ్రంథస్థమైనది యనియు, పురాణము ప్రాచీనమైన ఉపాఖ్యానమనియు, తంత్రము ప్రతీకల ముసుగులో గూఢార్థమును దాచిన కర్మకాండ యనియు యోగానందుడు సంగ్రహించెను. రామాయణ భారతములను ఆయన స్మృతిలో చేర్చెను. మనవారు వానిని సాధారణముగా ఇతిహాసము లందురు, స్మృతి యనగానే మనువు, యాజ్ఞవల్క్యుడు ముందుగా తలపునకు వత్తురు. ఈ చిన్న తేడాను ప్రక్కనుంచినచో వరుస సంప్రదాయసిద్ధమే. పైగా ఈ నాలుగింటిని నాలుగు యుగములకు సరిపెట్టి, కృతమున శ్రుతి, త్రేతయందు స్మృతి, ద్వాపరమున పురాణము, కలియందు ఆగమము ప్రమాణములని చెప్పెడి తాంత్రిక గ్రంథములు మనకు కలవు. కావున ఈ విభాగములో ఒక కాలగమనము కూడ ఇమిడియున్నది: ఆదిమశ్రవణమునుండి జ్ఞాపకమునకు, జ్ఞాపకమునుండి కథకు, కథనుండి ఆచరణకు. ఆండర్సనుకు తాంత్రిక గ్రంథములతో పనిలేకపోయెను. అయినను ఆయన కనులబడిన నాలుగు వాక్యములలోనే ఆ క్రమము నిలిచియుండెను. సంగీతనిర్మాణమునకు కావలసినదియు అట్టి క్రమమే.

పర్యటన సాగుచుండగా ఆండర్సన్ ఈ ఊహను హౌకు చెప్పెను. అప్పటినుండి ఇరువురును హోటలుగదులలో క్రొవ్వొత్తుల వెలుగున కూర్చుండి, ఒకరు పదములు, మఱియొకరు గిటారుపై స్వరఖండములు సమకూర్చుచు కృతుల చట్రమును కట్టుచు వచ్చిరి. అమెరికాయందలి జార్జియా రాష్ట్రమున సవానా పట్టణమందు ఒక రాత్రి ఆరుగంటలపాటు ఎడతెగక సాగి ఉదయము ఏడుగంటలకు ముగిసిన కూటమిలో నాలుగు కృతులకు సంబంధించిన గానపు, పదముల, వాద్యముల పునాది స్థిరపడినదని ఆండర్సన్ పీఠిక చెప్పుచున్నది. తక్కిన మువ్వురకు ఈ భావము చట్రము రూపమున మాత్రమే చేరినది. తరువాత పుట్టిన భేదాభిప్రాయములకు బీజము ఇచ్చటనే పడినది.

ఆ వేసవిలో పని ఆరంభమయ్యెను. వనమధ్యమున, చెట్లనడుమ ఈ సంగీతమును రికార్డు చేయవలెనని ఆండర్సన్ కోరిక. నగరమే మేలని కొందఱి పట్టు. తుదకు లండను నగరపు విల్స్‌డెన్ ప్రాంతమునందలి మోర్గన్ స్టూడియో నిశ్చయింపబడెను. ఆనాటికి క్రొత్తదైన 24 ట్రాకుల టేపుయంత్రము అచ్చట నుండుట ఒక ఆకర్షణ. వనమునకు పోలేకపోయినందున వనమునే లోనికి తెచ్చిరి: గడ్డిమోపులు పేర్చిరి, తెల్లని కఱ్ఱకంచె నాటిరి, అట్టతో చేసిన ఆవును నిలిపిరి. ప్రక్కగదిలో ‘బ్లాక్ సబ్బత్’ బృందమువారు తమ ఆల్బమును సిద్ధము చేయుచుండగా, యెస్ పనియందు మనసు నిలువని వేక్‌మన్ అప్పుడప్పుడు వారికడకు పోయి ఒక పాటకు వాద్యసహకారము కూడ చేసెను. ధ్వనిశిల్పి ఎడ్డీ ఆఫర్డ్ ముక్కలు ముక్కలుగా రికార్డైన ఖండములను టేపు కోసి అతికించుటద్వారా ఏకాండకృతులుగా రూపొందించెను. ఒక వేకువన పూర్తియైన టేపులను కారుపైన పెట్టి మఱచి బండి నడుపగా అవి వీథిలో పడిపోయినవనియు, వెనుక వచ్చు బస్సును ఆపి వానిని దక్కించుకొనిరనియు ఒక కథ చెప్పుకొందురు.

ఇక పార్శ్వముల కడకు వత్తము. మొదటిది ‘ది రివీలింగ్ సైన్స్ ఆఫ్ గాడ్’, శ్రుతికి ప్రతిరూపము. 1973 నాటి రికార్డుపై ఇది వాద్యములు ఏవియు నిలదొక్కుకొనక మునుపే కంఠముతో ఆరంభమగును. ఒకే స్థాయిలో నిలిచి వడివడిగా దొరలు చిన్నపలుకులు. వానికి మఱికొన్ని కంఠములు తోడై, క్రమముగా వాద్యములు క్రిందినుండి పొంగి, తుదకు ప్రధానమైన స్వరగతి బయలుపడును. ఉదాత్తానుదాత్తముల నియమము ఇందు లేదు, వేదపఠనముతో దీనికి బాంధవ్యమును కల్పింపనక్కఱలేదు. కాని వాక్కు మొదట పుట్టి, నాదము దానిని వెంబడించుట శ్రుతి యను భావమునకు మిక్కిలి తగిన ఆరంభము. 2003 నాటి పునర్ముద్రణలో, మొదట కత్తిరింపబడిన రెండు నిమిషముల వాద్యభాగమును దీనికి ముందు చేర్చిరి. ఆ భాగము ఇంపైనదే. అయినను నా మనస్సునకు పాత ఆరంభమే సరియైనదని తోచును. వినబడిన మాటయే సర్వమునకు ఆది యని చెప్పవలసిన కృతికి వేఱొక తెర అక్కఱలేదు.

రెండవది ‘ది రిమెంబరింగ్’, స్మృతికి ప్రతిరూపము. ఈ పార్శ్వమును ఆండర్సన్ పీఠిక విశేషముగా వేక్‌మన్ వాద్యములకు అప్పగించినది. మనోనేత్రమునకు కానవచ్చు అగాధమైన తలపుల సముద్రమే ఆల్బము పేరునందలి సముద్రము. ఇందు ప్రధానముగా వినవచ్చు మెలోట్రాన్ అను వాద్యమును దగ్గరగా చూడవలెను. పైకి అది హార్మోనియమువలె మీటలు గల పెట్టె. లోపల ప్రతి మీటక్రిందను ఒక్కొక్క టేపుముక్క అమర్చియుండును. ఆ టేపుపై వయొలిన్లో, వేణువులో, బృందగాయకులో ఏనాడో వినిపించిన ఒక్క స్వరము రికార్డై యుండును. మీట నొక్కగా టేపు కదలి ఆ స్వరము పలుకును. ఎనిమిది సెకండ్లు గడువగనే టేపు ముగియును, వ్రేలు తీసినచో వెనుకకు పోయి మొదటి స్థానమున నిలుచును. అనగా ఆ వాద్యము తానుగా ఏ ధ్వనినీ పుట్టింపదు. దూరమందు ఎవరో వాయించిన దానిని జ్ఞప్తికి తెచ్చును, ఆ జ్ఞప్తియు కొద్దిసేపటిలో తీరిపోవును. స్మృతిని గూర్చిన కృతికి ఇంతకంటె యుక్తమైన వాద్యము లభింపదు. వేక్‌మనుకు ఈ ఆల్బమునెడల ప్రీతి లేకపోయినను, ఆయన చేతిక్రింద ఆ మసకబారిన తంత్రీధ్వనులు అలలవలె లేచి పడుట వినినచో, భావము వాద్యమునందే నిలుచుట యనగా ఏమో తెలియును.

మూడవది ‘ది ఏన్షెంట్’, పురాణమునకు ప్రతిరూపము. హౌ స్టీలు గిటారు కర్కశముగా కేకవేయుచుండగా, తాళవాద్యములు విషమగతిలో మ్రోగుచుండగా, నానాభాషలయందు సూర్యునికి గల పేర్లను ఆండర్సన్ ఒకటొకటిగా ఉచ్చరించును. అందు ఉత్తరభారత భాషలకు చెందిన మాటలు సైతము వినవచ్చును. భారతము, చీనా, మధ్య అమెరికా, కాల్పనికమైన అట్లాంటిస్ మొదలైన గతనాగరికతల సంపదను తలచుట దీని యుద్దేశము. చివరకు ఆ సంక్షోభమంతయు అణగి, నైలాను తీగల గిటారుపై ఒక ప్రశాంతమైన పాట నడచును. హౌ విద్వత్తునకు ఇది గొప్ప సాక్ష్యమే. అయినను నాలుగింటిలో భావము పలుచబడినది ఇచ్చటనే యని చెప్పక తప్పదు. పురాణమునకు మనవారు సర్గము, ప్రతిసర్గము, వంశము, మన్వంతరము, వంశానుచరితము అని పంచలక్షణములు చెప్పిరి. పురాణము కథలచేత బ్రదుకును. సృష్టిప్రళయములనడుమ రాజులను, ఋషులను, దేవతలను నడపించును. ఈ పార్శ్వమున ప్రాచీనత యున్నది, కథ లేదు. అధోజ్ఞాపికలోని ‘ప్రాచీనము’ అను ఒక్క గుణమే చేతికి చిక్కి, ఉపాఖ్యానము జాఱిపోయినది. కథలు అని పేరు పెట్టుకొనిన ఆల్బమున ఇది చిన్న కొఱత కాదు.

నాలుగవది ‘రిచువల్’, తంత్రమునకు ప్రతిరూపము. ముందు వచ్చిన పార్శ్వముల స్వరగతులు కొన్ని ఇందు మరల తలయెత్తును. ఎనుబది నిమిషముల ప్రయాణమంతయు ఒకచోటికి కూడుకొనుచున్నట్లు వినువానికి తెలియును. దుష్టశక్తులకును నిర్మలప్రేమకును జరుగు పోరాటమును స్క్వైర్ బాస్ గిటారునకు, వైట్ తాళవాద్యములకు అప్పగించిరి. మాటలు, రాగము, మృదుత్వము సర్వమును విడిచి కేవలము దెబ్బలే మిగులు ఒక దీర్ఘభాగము మధ్యలో వచ్చును. కచేరీలలో ఇతర సభ్యులును తమ వాద్యములు దింపి తాళవాద్యములు చేపట్టెడివారు. తంత్రశాస్త్రమున గురుశిష్యపరంపర, మంత్రదీక్ష, యంత్రోపాసన ప్రాణభూతములు; వాని ఛాయ ఇందు లేదు. కాని తంత్రము చదివి తెలిసికొనెడిది గాక దేహముతో ఆచరింపవలసినదను మూలసూత్రమును మాత్రము ఈ భాగము నిలువునా పట్టుకొనినది. ఆ తుఫాను వెలిసిన పిదప పియానో తోడుగా వచ్చు ఫ్రెంచిభాషా పల్లవి, తాము సూర్యుని సంతతి యని చాటును.

అట్టమీది చిత్రము రోజర్ డీన్ రచన. నక్షత్రఖచితమైన నీలాకాశముక్రింద, నీరో నేలయో తేల్చిచెప్పరాని తావున చేపలు ఈదుచుండును. వెనుక మెక్సికోయందలి చిచెన్ ఇట్సా మాయాదేవాలయము, దానివెంట సూర్యబింబము. నేలమీద పెరూ దేశపు నాస్కా రేఖలు. ఇంగ్లండునందలి స్టోన్‌హెంజ్, ఏవ్‌బరీ శిలల ఆకృతులు. ఈ చిత్రమున మన దేశపు చిహ్నము ఏదియు లేకపోవుట గమనింపదగినది. భారతీయభావము లోపల చట్రముగా నిలిచినదే గాని, అలంకారముగా పైన పూయబడలేదు. నుదుటి బొట్లు, సితారధ్వనులు, అగరువత్తుల పొగ ఆ దశాబ్దమున పాశ్చాత్యసంగీతమున విరివిగా చెల్లిన కాలమున ఈ సంయమమును నేను గౌరవింతును.

ప్రజలు ఈ ఆల్బమును కొనిరి. విడుదలకు ముందే వచ్చిన ఆర్డర్ల బలముననే ఇంగ్లండున గోల్డ్ డిస్క్ గుర్తింపు లభించినది. అమ్మకముల పట్టికలో ప్రథమస్థానము నాక్రమించినది. అమెరికాలో ఆఱవ స్థానము చేరినది. రికార్డు ఇంకను అంగళ్ళకు రాకముందే బృందము నవంబరులో కచేరీలు మొదలిడి, లండను రెయిన్‌బో థియేటరున అయిదు రాత్రులు వాయించెను. ఎన్నడు విననివారికి నాలుగు కృతులు వరుసగా వినిపించుట సాహసమే. విమర్శకులలో పెక్కుమంది దీనిని అతివిస్తారమని నిందించిరి. ఒక ఆల్బమునకు ఎక్కువ, రెండింటికి తక్కువయైన సామగ్రి దీనిలోనున్నదని, మిగిలిన ఖాళీని నింపుటకు సాగదీసితిమని వేక్‌మన్ బహిరంగముగ చెప్పి, 1974 మే మాసమున బృందమునుండి తొలగెను. అదే కాలమున ఆయన స్వంత ఆల్బము ‘జర్నీ టు ది సెంటర్ ఆఫ్ ది ఎర్త్’ ఇంగ్లండున ప్రథమస్థానమునకు ఎక్కెను. కొన్నియేండ్లకు పంక్ సంగీతము తలయెత్తినపుడు, ప్రోగ్రెసివ్ రాక్ ఆడంబరమునకు ఉదాహరణముగా ఈ ఆల్బము పేరే పదేపదే వినబడినది. అయినను అది అంతరింపలేదు. 2016లో స్టీవెన్ విల్సన్ మూలటేపులనుండి క్రొత్తగా మిక్స్ చేసిన రూపము వెలువడినది. ఆ సంవత్సరముననే బృందము మొదటి, నాలుగవ పార్శ్వములను మరల వేదికల నెక్కించినది.

వేక్‌మన్ మాటలో సత్యము లేకపోలేదు. ఎల్.పి. రికార్డు పార్శ్వము ఇరువది నిమిషములను కోరును; శాస్త్రములు నాలుగు గనుక పార్శ్వములు నాలుగు కావలెను; ఆ రెండు నియమముల నడుమ భావము చాలనిచోట స్వరములు దీర్ఘములైనవి. పదునైదు నిమిషములలో పరిపూర్ణముగా ముగియదగిన మూడవ పార్శ్వమునకు తక్కినవానితో సమానమైన ప్రమాణము పట్టవలసివచ్చుట దీనికి తార్కాణము. కాని ఈ దోషమే ఆల్బమునకు సర్వస్వమని తీర్పు చెప్పినవారు, ఆ చట్రము ఇచ్చిన బలమును లెక్కింపరైరి. నాలుగు పార్శ్వముల ఆల్బములు అంతకుముందును వచ్చినవి; కాని ప్రతి పార్శ్వమునకు జ్ఞానమార్గమున ఒక స్థానము, ఒక స్వభావము, దానికి తగిన వాద్యము, ముందువెనుకలతో విడదీయరాని సంబంధము ఉండవలెనను శాసనము వారికి ఆ అధోజ్ఞాపికనుండియే లభించినది.

మన శాస్త్రముల విదేశయాత్రను వ్రాయునపుడు మనము మాక్స్‌ముల్లరు సంపాదకత్వమును, ఉపనిషదనువాదములను, విశ్వవిద్యాలయ పీఠములను తలచెదము, అవి తలపదగినవే. అయినను వంగదేశపు సన్న్యాసి కాలిఫోర్నియాయందు ఆంగ్లమున వ్రాసిన వివరణ, స్కాటిష్ వాద్యకారుని సిఫారసుతో టోకియో హోటలులో ఒక ఆంగ్లగాయకుని చేతబడి, విల్స్‌డెన్ గడ్డిమోపుల నడుమ సంగీతమగుట కూడ ఆ యాత్రలో భాగమే. ఆ గాయకుడు శాస్త్రము చదువలేదు, చదివితినని చెప్పుకొననులేదు. శాస్త్రముల వరుసను మాత్రము శ్రద్ధతో స్వీకరించి, తన విద్యకు దానిని నియమముగా విధించుకొనెను. ఆ నాలుగు పేర్లను బాల్యమునుండి ఎఱిగిన తెలుగు శ్రోతకు ఇందు ఒక ప్రత్యేకాధికారము కలదు: పార్శ్వమునకు ఒకదినము చొప్పున వినుచు, ఏ పేరు నాదమైనదో, ఏ పేరు పేరుగనే నిలిచిపోయినదో ఇతరులకంటె నిశ్చయముగా అతడు తేల్చగలడు. ఇంగ్లండు విమర్శకులు అర్ధశతాబ్దముగా చేయుచున్న వాదమున లోపించిన సాక్షి అతడే. ఆ సాక్ష్యము చెప్పవలసిన పని మనది.